పదకొండు సెకన్ల అరుపు

నేను మూడేళ్ళుగా మోస్తున్న బరువు మూడు మెగాబైట్లు. బరువు అనగానే మీరు గుండె మీద బండరాయి లాంటిదేదో ఊహించుకుని ఉంటే నిరాశపడతారు. పొద్దున్నే దూరపు చుట్టమెవరో మీ ఫోనుకి పంపే గులాబీపువ్వు వీడియో దీనికన్నా పెద్దది. ఇది ఒక ఆడియో ఫైలు. నిడివి పదకొండు సెకన్లు. అందులో ఒక మనిషి అరుస్తాడు.

దాంట్లో ఎనిమిది సెకన్లు మీలో కొందరు వినే ఉంటారు. ఆ వీడియో గేము మీరు ఆడకపోతే మీ ఇంట్లో ఎవరో ఆడి ఉంటారు. గొడ్డలి దెబ్బ తిన్న సైనికుడొకడు మోకాళ్ళ మీద కూలిపోతూ అరిచే అరుపు అది. ఎంత సహజంగా ఉందో అని జనం రాశారు, వీడియోలు చేశారు, ఇంత సహజంగా ఉండటం అవసరమా అని కొట్టుకున్నారు కూడా. సహజంగానే ఉంటుంది. ఎందుకుంటుందో చెప్పాలనే కూర్చున్నాను. మిగిలిన మూడు సెకన్లు ఏమయ్యాయో కూడా.

ముందే ఒక మాట. నాకు గంభీరంగా మాట్లాడటం చేతకాదు. మా తాతయ్య పెద్దకర్మ రోజు గారెలు గట్టిగా ఉన్నాయని, వాటితో గోడకి మేకు కొట్టొచ్చని పంతులుగారితో పందెం వేసినవాణ్ణి. ఎక్కడ ఎవరు ఏడవబోతున్నా నా నోట్లోంచి ఒక జోకు ముందుగా దూకుతుంది. అది తెలివి అని చాలాకాలం అనుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా దూకుతుంది. అప్పుడు వీడికి సిగ్గులేదు అనుకోకండి. భయపడుతున్నాడు అనుకోండి. సిగ్గు సంగతి చివర్లో మీరే తేల్చుకోవచ్చు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపు పైన, మూడో అంతస్తులో మా స్టూడియో. మేము వీడియో గేములు చేస్తామని మా అమ్మ అందరికీ చెబుతుంది. చేసేవాళ్ళు ఎక్కడో చలిదేశంలో ఉంటారు. వాళ్ళకి కావలసిన ముక్కలు మేము చేసి పంపుతాం. ఒకడు చెట్లు చేస్తాడు. ఒకడు తలుపులు. శైలజ అనే అమ్మాయి ఎనిమిది నెలలు వరసగా రాళ్ళే చేసింది. నాది శబ్దం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, చావు శబ్దం.

అప్పుడు పరిశ్రమ మొత్తానికి ఒకటే పిచ్చి: ఎవరి హింస ఎక్కువ నిజం. ఒక పక్క పెద్దమనుషులు ఈ ఆటల వల్ల పిల్లలు పాడైపోతున్నారని టీవీలో గొంతు చించుకుంటుంటే, ఇంకో పక్క ఆ ఆడేవాళ్ళు గాయంలో ఎముక రంగు సరిగ్గా లేదని ఫిర్యాదులు రాసేవాళ్ళు. ఈ ఇద్దరి మధ్యా కూర్చుని నేను క్యాబేజీ నరికేవాణ్ణి. అవును. మెడ తెగే చప్పుడుకి క్యాబేజీ. పుర్రె పగిలే చప్పుడుకి పుచ్చకాయ. ఎముక విరగడానికి ములక్కాడ. పని అయ్యాక అవన్నీ సాంబారులో వేసుకోవచ్చు కూడా. ఒకరోజు క్లయింటు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది: మీ యుద్ధం కూరగాయల్లా వినిపిస్తోంది.

ఏం చెబుతాం? అవి కూరగాయలే కదా.

అందుకే చేపల మార్కెట్టుకి వెళ్ళాను. అక్కడ దొరికాడు ఏడుకొండలు. నలభై ఏళ్ళుంటాయి. కొల్లేరు పక్క ఊరు, చేపలు పట్టుకు బతికే కుటుంబం. మార్కెట్లో ఒక కొట్టు ముందు చింతమొద్దు పెట్టుకుని చేపలు నరికేవాడు. ఎంత పెద్ద చేపైనా రెండో దెబ్బ అడిగేది కాదు. ఆ చప్పుడు విని నేను రోడ్డు మీదే ఆగిపోయాను. మా ఆఫీసుకొచ్చి నరకాలి అన్నాను. ఎంతమందికండీ భోజనాలు అని అడిగాడు.

మొదటి రోజు పదికేజీల బొచ్చెచేప తెప్పించాం. రికార్డింగు గదిలో మొద్దు వేసి, దాని చుట్టూ నాలుగు మైకులు పెట్టాను. బొచ్చె తల మీద కత్తి దిగినప్పుడు హెడ్‌ఫోన్లో వచ్చిన చప్పుడుకి నా వెన్నులో ఏదో జారింది. వెన్నుముల్లు తెగే చప్పుడు. పొట్ట చీలే చప్పుడు. పేగులు ఒక్క గుప్పిట్లో లాగితే వచ్చే తడి చప్పుడు, దాని వెనకే తిత్తి పగిలిన చిన్న టప్‌మనే చప్పుడు. మొప్పలు పీకడం. దవడ రెండుగా విరవడం. పదికేజీల బొచ్చె మెడ మనిషి మెడకి సరిగ్గా సరిపోతుందని మేము కనిపెట్టాం. ఇది నా బయోడేటాలో లేదు.

కత్తి ఎత్తినప్పుడల్లా ఏడుకొండలు గొంతులోంచి ఒక మూలుగు వచ్చేది. అది పొరపాటున ఒక ఫైల్లో కలిసి వెళ్ళిపోయింది. క్లయింటు ఎగిరి గంతేశాడు. ఎవరీ మనిషి? ఇతని చేత అరిపించండి.

అలా ఏడుకొండలు మా దగ్గర చనిపోవడం మొదలుపెట్టాడు. మూడు నెలల్లో అతను ఎన్నిసార్లు చచ్చాడో లెక్కలేదు. బాణం దిగి చచ్చాడు. నిప్పంటుకుని చచ్చాడు. కోటగోడ మీంచి పడి చచ్చాడు, పడుతూ దారిలో కూడా చచ్చాడు. గొంతు కోస్తే నెత్తురు ఊపిరితిత్తుల్లోకి పోయినట్టు గుడగుడమని చచ్చాడు. అంత భయంకరంగా చచ్చి, ఒక్క క్షణం ఆగి, మైకు దగ్గరకొచ్చి ప్రతిసారీ ఒకటే మాట అడిగేవాడు.

"బానే చచ్చానా అండీ?"

నేను కుర్చీలో దొర్లి నవ్వేవాణ్ణి. అతన్ని బాబాయ్ అనేవాణ్ణి. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవాడు నన్ను పేరు పక్కన గారూ చేర్చి పిలిచేవాడు, అండీ లేకుండా మాట ముగించేవాడు కాదు. నేను మాత్రం నువ్వు అనేవాణ్ణి. బాబాయ్ అని పిలిచాక నువ్వు అనడం చనువు అవుతుందని నా సిద్ధాంతం. చనువు ఒకవైపు నుంచే ఎందుకుందో అప్పుడు ఆలోచించలేదు.

ఇక్కడ రెండు విషయాలు చెప్పాలి. రెండూ నా ఘనకార్యాలే.

ఒకటి, తలుపు మీద కాగితం. రోజంతా అరుపులు వినపడుతుంటే మొదట్లో ఆఫీసువాళ్ళు ఉలిక్కిపడి పరిగెత్తుకొచ్చి తలుపు తీసేవాళ్ళు. టేకు, అంటే అప్పటిదాకా తీసిన రికార్డింగు, పాడయ్యేది. అందుకని నేనొక కాగితం రాసి అంటించాను: "లోపల హత్య జరుగుతోంది. దయచేసి సహకరించండి." అందరూ దాన్ని ఫోటో తీసుకున్నారు. వారంలో అలవాటుపడ్డారు. లోపల ఏడుకొండలు పేగులు తెగినట్టు అరుస్తుంటే బయట శైలజ ఉప్మా తింటూ రాయికి నాచు పూసుకునేది.

రెండోది, అతనికి నేనిచ్చిన సలహా. మధ్యలో ఆగకు బాబాయ్, నోటికొచ్చింది అను, అమ్మా అను, నాయనా అను, అక్కర్లేనిది నేను కోసేస్తా. నేను కోసేస్తా. ఆ మాట అన్నది నేనే.

ఆట విడుదలకి దగ్గరపడ్డాక క్లయింటుకి ఒకే ఒక్కటి మిగిలింది. నెమ్మదిగా చచ్చే సైనికుడి పొడుగాటి అరుపు. నాలుగుసార్లు పంపాం. నాలుగుసార్లూ తిరిగొచ్చింది, ఒకటే వాక్యంతో: ఇంకా నటిస్తున్నట్టే ఉంది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచనలు రావడం అరుదు, వచ్చినప్పుడు ఎవరికో దెబ్బ తగులుతుంది. మామూలుగా కత్తి చప్పుడు వేరే, అరుపు వేరే తీసి కలుపుతాం. అలా కాకుండా నరుకుతూనే అరిస్తే ఊపిరి నిజంగా ఉంటుంది కదా? ఏడుకొండలు సరే అన్నాడు. అతను కాదన్నది నేను ఎప్పుడూ వినలేదు.

మే నెల. మధ్యాహ్నం మూడు గంటలు. గదిలో ఏసీ ఆపేశాం, దాని గురక మైకులో పడుతుందని. పది నిమిషాలకే అతని చేతులు చెమటతో నిగనిగలాడాయి. నేను కూర్చునే గదికీ ఆ గదికీ మధ్యనున్న అద్దానికి చేపనీళ్ళు చిందకుండా లోపల పాలిథీన్ షీటు కట్టి ఉంది, అందుకని నాకు అతని ఆకారమే కనపడేది, మొహం కాదు. అతను ఎప్పుడూ ఎడమచేతికి తడిగుడ్డ చుట్టుకునేవాడు. చేప జారకుండా, కత్తి జారితే వేళ్ళు తగలకుండా. వాళ్ళ నాన్న నేర్పిన అలవాటు. ఆ గుడ్డ రాపిడి మైకులో సరసరమని వచ్చింది. రెండు టేకులు పోయాయి. గుడ్డ తీసెయ్యి అన్నాను. జారుద్దండీ అన్నాడు. ఒక్క టేకే బాబాయ్ అన్నాను.

తీసేశాడు.

ఎర్రబల్బు వెలిగింది. అతను కత్తి ఎత్తి అరుపు మొదలుపెట్టాడు. కత్తి దిగింది.

చప్పుడులో తేడా ఉంది. అది చేపముల్లు కాదు. దానికన్నా చిన్నగా, పొడిగా ఉంది. రెండు చప్పుళ్ళు ఒకదానిలో ఒకటి దూరినట్టు. మూడు నెలలుగా అన్ని రకాల తెగడాలూ విన్న నా చెవి ఇది కొత్తది అని పట్టుకుంది. ఆ క్షణంలో నా బుర్రలోకి వచ్చిన మొదటి మాట ఏమిటో చెబుతాను. మీరు నన్ను అసహ్యించుకోవడానికి అదొక్కటీ చాలు.

బాగుంది.

ఆ తర్వాత అరుపు మారింది. అప్పటిదాకా గొంతులోంచి వస్తున్నది ఇంకా కిందనుంచి, కడుపులోంచి తన్నుకొచ్చింది. తెర మీద మీటరు గీత ఎర్రరంగు దాటిపోయింది. మూడో సెకనులో అతను నన్ను పిలిచాడు. నా పేరు. పక్కన గారూ. రెండు వేళ్ళు తెగి మొద్దు మీద పడి ఉన్నాయి, నెత్తురు పాలిథీన్ షీటు మీద నిలువునా చారలు కడుతోంది, ఆ మనిషి నన్ను గారూ అని పిలిచాడు. ఆరో సెకనులో మళ్ళీ పిలిచాడు. తలుపు మీద భుజంతో కొట్టాడు. ఆ తలుపు గడియ శబ్దం బయటకి పోకుండా బిగించినది, రెండు చేతులు కావాలి. తొమ్మిదో సెకనులో మూడోసారి పిలిచాడు. ఈసారి పేరు సగమే వచ్చింది. గారూ మాత్రం పూర్తిగా వచ్చింది. ఊ... అని సాగి, సన్నబడి, ఆరిపోయింది.

నా చూపుడువేలు ఆపే మీట మీదే ఉంది. నొక్కలేదు. లేవలేదు.

ఎందుకు? మా పనిలో ఒక నియమం ఉంది. శబ్దం తోక పూర్తిగా ఆరిపోయేదాకా ఎవరూ కదలకూడదు, కుర్చీ కిర్రుమన్నా టేకు పోతుంది. నేను నియమం పాటించాను అని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. జీవితంలో నేను పాటించిన ఏకైక నియమం అదే కావడం విచిత్రం. నటన అనుకున్నాను అని కూడా చెప్పుకున్నాను. అది మరీ చచ్చు అబద్ధం. నటిస్తున్నప్పుడు అతను అమ్మా అనేవాడు, నాయనో అనేవాడు. నా పేరు ఎప్పుడూ అనలేదు. సైనికుడికి నా పేరెందుకు తెలుస్తుంది? షాక్‌లో బిగుసుకుపోయానా? అదైనా అయితే బాగుండేది. బిగుసుకుపోయినవాడు మీటరు వంక చూడడు. నేను చూశాను. అరుపు ఎక్కడ పగులుతోందో, ఎక్కడ సన్నబడుతోందో చూశాను. ఇంకొంచెం సాగాలి అని కోరుకున్నానేమో కూడా. కోరుకున్నానా? ఈ ఒక్క ప్రశ్న దగ్గర నేను ప్రతిసారీ పక్కకి తప్పుకుంటాను. ఇప్పుడు తప్పుకోను. కోరుకున్నాను.

అరుపు ఆగింది. బానే చచ్చానా అండీ అని అతను అడగలేదు. అప్పుడు లేచాను.

తలుపు తీసేసరికి అతను గోడకి ఆనుకుని కూర్చుని, కుడిచేత్తో ఎడమచేతి మణికట్టు నొక్కిపట్టుకుని ఉన్నాడు. నేల మీద చేపనెత్తురు పలచగా ఉంది. దాని మీద పడుతున్నది చిక్కగా, ముదురుగా ఉంది. చూపుడువేలూ మధ్యవేలూ ఉండాల్సిన చోట తెల్లగా రెండు చిన్న ముక్కలు కనపడి, అంతలోనే నెత్తుట్లో మునిగిపోయాయి. ఎముక రంగు గురించి ఏడాదిపాటు ఉత్తరాలు నడిపినవాళ్ళం. ఎవరమూ సరిగ్గా చెప్పలేదు.

వేళ్ళు మొద్దు మీంచి జారిపోయాయి. మోకాళ్ళ మీద కూర్చుని చేపముక్కల్లో కెలికాను. ఒకటి మొద్దు కింద దొరికింది. రెండోది దొరికిందనుకుని ఎత్తితే బొచ్చె మొప్ప ఎముక. విసిరేసి మళ్ళీ వెతికాను. శైలజ గుమ్మంలో నిలబడి, "ఇది కూడా రికార్డింగేనా?" అంది. వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది. మూడు నెలలుగా ఆ ఆఫీసుకి నేను నేర్పిన చదువు అది.

ఆసుపత్రిలో వేళ్ళు అతకలేదు. కత్తి నలగ్గొట్టేసింది, అరగంట ముందొచ్చినా ఇంతే అన్నారు డాక్టరుగారు. అంటే నా పదకొండు సెకన్ల వల్ల వేళ్ళు పోలేదు. ఈ మాట నేను చాలా రోజులు చప్పరించాను. అది నిజమే. కానీ ఒక మనిషి పేరుపెట్టి పిలుస్తుంటే వింటూ కూర్చున్నవాడికి, వేళ్ళు ఎలాగూ పోయేవే అన్న కబురు అంత తియ్యగా ఎందుకుంది?

ఇంతవరకే అయితే దీన్ని పిరికితనం అనొచ్చు. తప్పు దీని తర్వాతది.

మర్నాడు మా యజమాని ఎలా జరిగిందో రాసివ్వమన్నాడు. తప్పు మనదైతే అతన్ని ఆఫీసులోనే ఏదో పనిలో పెట్టుకుందామని అప్పటికి అనుకుంటున్నాడు. నేను నాలుగు లైన్లు రాశాను. చేతికున్న గుడ్డ తనే తీసేశాడు. అరుపు అంతకుముందు టేకుల్లాగే ఉంది. సాయం కోసం పిలిచినట్టు వినపడలేదు. కింద సంతకం. ఆ నాలుగు లైన్లతో అతని అజాగ్రత్త అని తేలిపోయింది. పని సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఎవరైనా రికార్డింగు వినిపించమంటే? అందుకని ఆ సాయంత్రమే కూర్చుని కోశాను. మొదటి రెండు పిలుపులూ తేలిగ్గా తెగాయి. తలుపు మీద దెబ్బలు తీసేశాను. మూడో పిలుపు దగ్గర చిక్కొచ్చింది. పేరు తీసేశాను కానీ, గారూలోని ఆ చివరి దీర్ఘం అరుపులో కలిసిపోయి ఉంది. దాన్ని కోస్తే అరుపు మొండిగా ఆగిపోతోంది. ఉంచితే ఎంత అందంగా సన్నబడుతోందో. ఉంచేశాను. ఎనిమిది సెకన్లు వచ్చింది. పంపాను. క్లయింటు ఒక్క మాట కూడా మార్చమనలేదు.

మీరు ఆ ఆట ఆడినవాళ్ళయితే, చివర్లో సాగే ఆ ఊ... విని ఒళ్ళు జలదరించి ఉంటే, తెలుసుకోండి. అది చావుకేక కాదు. అది మర్యాద.

ఏడుకొండల్ని చూడటానికి నాలుగోరోజు వార్డుకి వెళ్ళాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. భార్య రమణమ్మ ఫ్లాస్కు మూత తిప్పుతోంది. అతను దిండు మీద చెయ్యి సర్దుకున్నాడు. తర్వాత అన్నాడు.

"ఒకటి అడుగుతానండీ. ఏం అనుకోరుగా?"

"అడుగు బాబాయ్."

"నేను మిమ్మల్ని పిలిచానండీ. పేరెట్టి పిలిచాను. మీకు ఇనపళ్ళేదా?"

నా చేతిలో యాపిల్‌పళ్ళ సంచి ఉంది. దాన్ని మంచం కింద పెట్టడానికి వంగి, వంగే చెప్పాను.

"లేదు బాబాయ్. నువ్వు పిలవలేదు. అరిచావంతే."

"పిలిచానే."

"హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటన్నా కదా. నువ్వు ఊపిరి పీల్చినా వినపడుద్ది నాకు. పిలిస్తే వినపడదా?"

అతను పైకప్పు వంక చూశాడు. మనిషి తన జ్ఞాపకాన్ని తనే తవ్వి చూసుకోవడం నా కళ్ళముందు జరిగింది.

"అదీ నిజమేలెండి," అన్నాడు. "నొప్పికి అట్టా అనిపించుంటది."

"నే చెప్పలా?" అంది రమణమ్మ. "పిలిత్తే రాకుండా కూచుంటారా వాళ్ళు? పక్కింటోణ్ణి పిలవాలన్నా మొగమాటం నీకు. ఎక్కడ పిలుత్తావ్ నువ్వు?"

"నిజమేనే. ఉత్తపుణ్యానికి ఈయన మీద చెడ్డమాట చెప్పాను నీకు." నా వైపు తిరిగి, "తప్పుగా అనుకోమాకండి," అన్నాడు.

నేనేం చేశానో తెలుసా? జోకేశాను. పర్లేదు బాబాయ్, ఈసారి ఇంకాస్త గట్టిగా పిలువు అన్నాను. ముగ్గురం నవ్వాం. అతను నవ్వినప్పుడు చెయ్యి కదిలి మొహం ముడుచుకుపోయింది.

వేళ్ళు కత్తి తీసింది. మిగిలింది నేను తీశాను. తన గొంతు మీద తనకున్న నమ్మకం. కోసిన చోట కట్టు కూడా కట్టలేదు.

ఆట విడుదలైంది. ఆ అరుపు పేరు తెచ్చుకుంది, నేను దాని పక్కన నిలబడి నా వంతు తెచ్చుకున్నాను. ఇప్పుడు పరిశ్రమలో కొత్త తగువు నడుస్తోంది. మనుషుల గొంతులు యంత్రానికి తినిపిస్తే అది ఎన్ని అరుపులు కావాలంటే అన్ని తయారుచేసి పెడుతుంది. ఆ మనుషుల అనుమతి అడగాలా వద్దా అని వాదన. మేము పంపిన చావులన్నీ తినిపించేశామని క్లయింటు ఈమధ్య ఒక ఉత్తరంలో మామూలుగా, వాతావరణం గురించి రాసినట్టు రాశాడు. ఏడుకొండలు ఇప్పుడు ఆడగొంతుతో కూడా చస్తున్నాడు. రాక్షసుడి గొంతుతో చస్తున్నాడు. అతనికి తెలియదు.

మంగళగిరి దగ్గర ఒక కాలేజీవాళ్ళు దీని మీద మాట్లాడమని నన్ను పిలిచారు. వెళ్ళాను. గొంతు మనిషి సొత్తు, అతనికి చెప్పకుండా ముట్టుకోవడం దొంగతనం అని ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఏ యంత్రమూ ఇలా అరవలేదు చూడండి అంటూ ఆ ఎనిమిది సెకన్లూ వినిపించాను. హాలు గడ్డకట్టింది. తర్వాత ఒకటే చప్పట్లు. శాలువా కప్పారు. ఒక అమ్మాయి లేచి అడిగింది: సార్, ఆయన చేత అంత నిజంగా ఎలా చేయించగలిగారు?

"వేళ్ళు కోయించాను," అన్నాను.

హాలంతా గొల్లుమంది. ఆ అమ్మాయి కూడా నవ్వింది. మూడేళ్ళలో మొదటిసారి నిజం చెప్పాను, అది జోకుల ఖాతాలోకి పోయింది. అప్పటిదాకా నా జోకులు నన్ను కాపాడుతున్నాయనుకునేవాణ్ణి. ఆ వేదిక మీద, శాలువాలో చెమటలు పడుతుంటే అర్థమైంది, ఇక నేను ఏ నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. మొహంలో మొహం పెట్టి, పేరుపెట్టి, ఎదురుగా కూర్చుని చెబితే తప్ప.

తర్వాతి ఆదివారం కైకలూరు వైపు బస్సెక్కాను. ఏడుకొండలు అక్కడ చేపలు ప్యాకింగు చేసే షెడ్డులో ఉంటున్నాడు. ఐసు దిమ్మల్ని పిండిచేసే మిషను ఒకటి చెవులు చిల్లులు పడేలా తిరుగుతోంది. అతను కుడిచేత్తో పారపట్టి ట్రేలలో ఐసు పోస్తున్నాడు. ఎడమచెయ్యి పారకర్రకి కింద ఊతం. నన్ను చూసి పార పక్కన పెట్టాడు. అయ్యో మీరేంటండీ ఇంతదూరం అంటూ ఒక ఖాళీ ట్రే బోర్లించి కూర్చోమన్నాడు. రమణమ్మ మిషను దగ్గర ఉంది.

చెప్పాను. గుడ్డ తీయమన్నది నేను అని చెప్పాను. మీరు పిలిచారు అని చెప్పాను. మొదటిసారి మీరు అన్నాను, నోరు తిరగలేదు. మూడుసార్లు పిలిచారు, మొదటి పిలుపే విన్నాను, అయినా లేవలేదు. పేరు కోసేశాను. యజమానికి రాసిచ్చిన కాగితం అబద్ధం. వార్డులో చెప్పిందీ అబద్ధం. మీ అరుపు ఇప్పుడు యంత్రాల్లో ఉంది. అన్నీ చెప్పాను. నాలుగు లైన్ల కాగితం బదులు కొత్తది రాసి, పూర్తి ఫైలుతో సహా యజమానికి పంపానని చెప్పాను. దానివల్ల ఏమవుతుందో నాకు తెలియదు. నా ఉద్యోగం మాత్రం ఉండకపోవచ్చు. క్షమించమని అడగలేదు. అడిగితే పర్లేదండీ అనేస్తాడు. అలవాటు. ఆ ఒక్కటి మాత్రం అతని చేత అనిపించకూడదనుకున్నాను.

ఫోన్ తీసి ఇయర్‌ఫోన్ ఇవ్వబోయాను.

"వద్దండీ," అన్నాడు. "నేను అక్కడే ఉన్నాను కదా."

అతను షెడ్డు అవతలికి తిరిగి కేకేశాడు.

"ఏమేవ్! నేను పిలిచానంట!"

మిషను రొదలో ఆమెకి వినపడలేదు. అతను ఇంకా గట్టిగా, మెడనరాలు తేలేలా అరిచాడు. "పిలిచానంటనే! ఆ రోజు! ఈయన ఇన్నారంట!"

ఆమె మిషను ఆపి వచ్చింది. అతని మొహం చూసింది. ఆ మొహంలో కోపం లేదు, సంతోషం అని కూడా అనలేను. పోయిన వస్తువు తన చేతికే తగిలిన మనిషిలా ఉన్నాడు. తర్వాత ఆమె నన్ను చూసింది. చాలాసేపు చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"లెగు," అంది. "ఆ ట్రే కావాల."

లేచాను. అతను పార అందుకున్నాడు. మళ్ళీ నా వైపు చూడలేదు. మిషను మొదలైంది.

బయట చెరువుగట్టు మీద బస్సు కోసం నిలబడ్డాను. ఎండ మాడుతోంది. ఏదైనా నవ్వొచ్చే మాట తోస్తుందేమోనని చూశాను. ఒక్కటీ తోచలేదు. లోపల హాయిగా ఉంది. ఆ హాయికి నేను తగనని తెలుసు. అయినా ఉంది. అది కూడా చెప్పకపోతే ఇంకో అబద్ధం అవుతుందని చెబుతున్నాను.